పచ్చి కట్టె గిన్నె గుండ్రంగా ఎందుకు నిలవదు?

పిల్లలూ, మీ ఇంటి పూజగూట్లో పాత ఏటికొప్పాక కుంకుమ భరిణె ఉంటే ఒకసారి తీసుకురండి. మూత తీసి, మళ్ళీ పెట్టి, మెల్లగా చుట్టూ తిప్పి చూడండి. కొన్ని భరిణెల మూత ఎటు తిప్పినా ఒకే తీరున తిరుగుతుంది. కొన్నిటికి మాత్రం ఒకచోట వదులుగా ఉండి, పావు చుట్టు తిప్పేసరికి పట్టేస్తుంది. ఇంకో పావు చుట్టు తిప్పితే మళ్ళీ వదులవుతుంది. అలా పట్టేసిందంటే ఆ భరిణె కాస్త కోలగా అయిందన్నమాట. మూత కూడా అంతే. చేసిన రోజున రెండూ గుండ్రంగానే ఉన్నాయి. తరిణె మీద గిరగిరా తిరుగుతూ రూపు దిద్దుకున్న వస్తువు గుండ్రంగా కాక ఇంకెలా వస్తుంది? మరి ఎప్పుడు కోలగా మారింది? ఎవరు మార్చారు? ఈ రోజు మన కబుర్లు దాని గురించే.

మాది కారేపల్లి. డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే రైలు దారిలో జంక్షను. ఇల్లెందు లైను ఇక్కడే చీలుతుంది. బొగ్గు గనుల కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు మా మండలంలోదే. భద్రాచలం వైపు పోయినకొద్దీ అడవే అడవి: టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, తునికి, ఇప్ప. ఇలాంటి చోట పుట్టిన పిల్లలకు కట్టె కొత్త కాదు. మంచం కోళ్ళు, చపాతీ కర్ర, బొంగరం, కవ్వం, ఇవన్నీ తరిణె పట్టినవే. ఇప్పుడు దాన్నే లేత్ మిషన్ అంటున్నాం. ఇదివరకు వెనక ఒకడు తాడు లాగి తిప్పుతుంటే ముందు ఇంకొకడు ఉలి పట్టేవాడు. ఇప్పుడు మోటారు తిప్పుతోంది.

తరిణె పని నేర్చుకునే కుర్రాడు మొదట మంచం కోడు చేస్తాడు. కోడు కుదిరాక గిన్నె మీద మనసు పోతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పొద్దున్నే పచ్చి మొద్దు ఎక్కించి, బయటంతా నున్నగా చేసి, లోపల తొలిచి, అంచు పలచబడ్డాక అన్నానికి లేస్తాడు. తిరిగొచ్చి ఉలి ఆనిస్తే ఒకచోట టక్కుమని తగులుతుంది, పక్కన గాలిలో తేలుతుంది, మళ్ళీ టక్కుమంటుంది. మే నెల ఎండల్లో అయితే ఆ కాసేపట్లోనే గిన్నె మారిపోతుంది. కుర్రాడు మిషను బేరింగు పోయిందనుకుంటాడు, లేదా తన చెయ్యి తిన్నగా లేదనుకుంటాడు. చాలాసార్లు రెండూ నిజం కావు.

తప్పు ఎక్కడుందో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. మిషను ఆపండి. ఉలి ఆనించే దిమ్మ మీద పెన్సిల్ కదలకుండా పట్టుకుని, మొన గిన్నె అంచుకు తగిలీ తగలనట్టు ఉంచండి. ఇప్పుడు గిన్నెను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. గీత ఒక్కచోటే పడితే గిన్నె నడిబొడ్డు తప్పిందని, అంటే బిగింపులో తేడా వచ్చిందని అర్థం. విప్పి సరిగా బిగిస్తే సరిపోతుంది. గీతలు ఎదురెదురుగా రెండుచోట్ల పడితే గిన్నె కోలపడినట్టే. అది చాలావరకు కట్టె చేసిన పనే. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే మిషను మీద కోల గిన్నె ఉలిని నిమిషానికి రెండు వేలసార్లు కొడుతుంది. అందుకే ఆ అదురు, ఆ మోత, గిన్నె లోపల ఆ గరుకు గీతలు.

సరే, కట్టె ఎందుకు మారుతుంది? ముందు కట్టె అంటే ఏమిటో చూద్దాం. భూతద్దం పెట్టి నరికిన కొసను చూస్తే సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. అవి గొట్టాలు. వరిగడ్డి మోపు ఎలా ఉంటుందో మాను అలా ఉంటుంది: గొట్టాలన్నీ దాదాపు ఒకే దిక్కున, కింది నుంచి పైకి. వేరు పీల్చిన నీళ్ళు ఆకు దాకా ఎక్కేది వీటిలోంచే. ఈ గొట్టాల గోడలు సెల్యులోజ్ అనే సన్నని దారాలతో అల్లినవి. ఆ దారాలు కూడా ఎక్కువగా మాను నిలువునే పరుచుకుని ఉంటాయి.

పచ్చి కట్టెలో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. కొన్ని గొట్టం బోలులో ఊరికే నిలిచి ఉంటాయి. కొన్ని గొట్టం గోడల్లో, దారాలకూ దారాలకూ మధ్య ఇమిడి ఉంటాయి. పచ్చి గిన్నెను మిషను మీద వేగంగా తిప్పితే మొహం మీదికి తుంపర చిమ్ముతుంది చూశారా, అది బోలులోని నీరు. అది పోతే బరువు తగ్గుతుంది తప్ప కట్టె ఒక్క వెంట్రుక కూడా కుంచించుకోదు. ఎండిన కట్టె బరువుతో పోలిస్తే నీరు ఇంచుమించు 30 శాతానికి దిగేదాకా కథ ఇలాగే నడుస్తుంది. ఆ తర్వాత గోడల్లోని నీరు కదలడం మొదలవుతుంది. దారాల మధ్య నుంచి నీరు తప్పుకుంటే దారాలు ఒకదానికొకటి దగ్గరికి జరుగుతాయి. కట్టె పీక్కుపోవడం అప్పుడే మొదలు. 'సగం బరువు తగ్గినా ఏమీ కాలేదు, ఇక ఏమీ కాదు' అని ధీమాగా ఉన్నవాళ్ళు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు ఒక ప్రశ్న అడగండి. 'తాతా, పీక్కుపోతే పోయింది, అన్ని వైపులా సమానంగా పీక్కుపోతే గిన్నె చిన్నదవ్వాలి గానీ కోలగా ఎందుకవుతుంది?' బాగా అడిగారు. సమానంగా పీక్కుపోదు, అదే రహస్యం. దారాలు నిలువుగా ఉన్నాయన్నాం కదా. అవి పక్కకు దగ్గరవుతాయి గానీ పొడుగు తగ్గవు. అందుకని మాను నిలువున వచ్చే తగ్గుదల లెక్కలోకి రానంత తక్కువ. అడ్డంగా మాత్రం రెండు తీర్లు. నడిమి నుంచి బెరడు వైపుగా ఒకటి, వలయాల వెంట చుట్టూతా ఇంకొకటి. నడిమి నుంచి బెరడుకు పోయే అడ్డుకణాల పట్టీలు కట్టెలో ఉంటాయి. అవి ఆ దిక్కున కట్టెను కుంచించుకోనీయకుండా కొంత ఆపుతాయి. వలయాల వెంట అలా ఆపేవి లేవు. ఇదొక ముఖ్య కారణం. అందుకే చాలా చెట్ల కట్టె వలయాల వెంట తగ్గేది, బెరడు దిక్కున తగ్గేదానికి ఇంచుమించు రెట్టింపు.

టేకు లెక్క చెప్తాను, రాసుకోండి. పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి బెరడు దిక్కున 2.5 శాతం, వలయాల వెంట 5.8 శాతం తగ్గుతుంది. అన్ని కట్టెల్లోనూ బుద్ధిమంతురాలని పేరున్న టేకు సంగతే ఇది. మన ఇళ్ళలో కట్టె అంత పూర్తిగా ఎండదు, 12 శాతం నీటి దగ్గర ఆగిందనుకుందాం. అంటే 30 నుంచి 12కి దిగింది, మొత్తం తగ్గుదలలో అయిదింట మూడొంతులు జరిగింది. సగానికి నిలువుగా చీల్చిన టేకు మొద్దు నుంచి 200 మిల్లీమీటర్ల పచ్చి గిన్నె చేశామనుకోండి. దాని అంచులో ఒక కొలత నార వెంట ఉంటుంది, ఇంకో కొలత నారకు అడ్డంగా, వలయాల వెంట ఉంటుంది. నార వెంట 200 దాదాపు 200గానే నిలుస్తుంది. అడ్డంగా 3.5 శాతం పోయి 193 అవుతుంది. ఏడు మిల్లీమీటర్ల తేడా! కంటికి ఇట్టే తెలిసిపోతుంది. బల్ల మీద పెడితే ఊగుతుంది కూడా, ఎందుకంటే అంచుతోపాటు అడుగూ వంకరపోతుంది.

ఇది నమ్మకపోతే ఇంట్లోనే చూడొచ్చు. కొట్టేసిన పచ్చి వేప కొమ్మ దొరికితే పెద్దవాళ్ళ చేత రెండు వేళ్ళ మందంలో గుండ్రని బిళ్ళ ఒకటి కోయించండి. నీడలో పెట్టి వారానికోసారి చూడండి. కొద్ది రోజులకు బెరడు వైపు వెడల్పుగా, నడిమి వైపు సన్నగా ఒక పగులు తెరుచుకునే అవకాశం చాలా ఎక్కువ. ఎందుకంటే బిళ్ళ చుట్టుకొలత ఎక్కువ తగ్గాలంటుంది, నడిమి నుంచి అంచుకున్న దూరం తక్కువ తగ్గుతానంటుంది. రెండూ ఒక గుండ్రంలో ఇమడవు. టేకు లెక్కనే చూస్తే 3.5లో 1.5 పోతే రెండు శాతం తేడా. 360 డిగ్రీల్లో రెండు శాతం అంటే ఏడు డిగ్రీల పైచిలుకు. పది సెంటీమీటర్ల బిళ్ళ అంచున ఆరు మిల్లీమీటర్ల పగులు. చెట్టు మీద కోపంతో పగిలింది కాదు బిడ్డా, లెక్క ప్రకారం పగిలింది.

ఇప్పుడు మన కుంకుమ భరిణె దగ్గరికి పోదాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. మన ఖమ్మం అడవుల్లోనూ పెరిగే చెట్టే. అక్కడి కళాకారులు మొద్దును గిన్నెలా అడ్డంగా ఎక్కించరు. కొమ్మను పొడుగునా ఎక్కించి, నార వెంటే తిప్పుతారు. అందువల్ల భరిణె అంచులో నార దిక్కు రాదు, మిగిలిన రెండు దిక్కులే వస్తాయి. తేడా ఏడు మిల్లీమీటర్లంత ఉండదు. అయినా టేకు లెక్కనే పట్టుకుంటే, 50 మిల్లీమీటర్ల భరిణెకు రెండు శాతమంటే ఒక మిల్లీమీటరు. మూత పట్టేయడానికి ఒక మిల్లీమీటరు చాలదా? అందుకే బాగా ఆరిన కట్టెతో చేసిన లక్కపిడతల మూతలు ఏళ్ళ తర్వాత కూడా సరిగ్గా కూర్చుంటాయి. తొందరపడి పచ్చి కట్టెతో చేసినవి మొదటి ఎండాకాలానికే మొండికేస్తాయి.

లక్క పూసే తీరు కూడా చూడదగ్గది. తిరుగుతున్న కట్టెకు లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికే లక్క మెత్తబడి కట్టెకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి మెరుగు పెడతారు. లక్క కరిగేది 75, 80 డిగ్రీల దగ్గర. అంటే కట్టె పైపొర అంత వేడి చూస్తోందన్నమాట. లోపల తేమ మిగిలి ఉంటే ఆ వేడికి పైపొర ముందు ఆరి, లోపలి పొర వెనకబడుతుంది. ఉలి మొద్దుబారినా ఇదే జరుగుతుంది. మొద్దు ఉలి కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. గిన్నె గోడ పలచనైన కొద్దీ ఆ వేడికి త్వరగా మారుతుంది.

నీళ్ళతో సంబంధం లేని కారణం ఇంకొకటుంది. నిలబడిన చెట్టు లోపల లాగుడు పోట్లు ఉంటాయి. బయటి పొరలు నిలువునా బిగదీసుకుని ఉంటాయి, నడిమి భాగం ఒత్తిడి భరిస్తూ ఉంటుంది. రెండూ ఒకదానికొకటి సరిపోయి చెట్టు నిలుస్తుంది. రంపం పెట్టగానే పలక విల్లులా వంగేది ఆ లెక్క చెడిపోవడం వల్లనే. గిన్నె తొలిచేటప్పుడు మనం చేసేదీ అదే. లోపలి కట్టె తీసేస్తే బయటి గోడ తన ఇష్టం వచ్చిన దిక్కుకు సర్దుకుంటుంది. బాగా ఎండిన మొద్దు కూడా తొలిచాక కాస్త కదిలేది ఇందుకే. వాలుగా పెరిగిన మానులోనూ, పక్కకు చాచిన కొమ్మలోనూ ఈ పోరు ఇంకా ఎక్కువ. అలాంటి కొమ్మను లాగి నిలబెట్టడానికి ఆకులు రాల్చే అడవి చెట్లు పైవైపున ప్రత్యేకమైన బిగువు కట్టెను పెంచుకుంటాయి. అది మామూలు కట్టెలా కాకుండా నిలువునా కూడా పీక్కుపోతుంది. అందుకే గిన్నెకు నిటారుగా పెరిగిన మాను మంచిది. మాను నడిమి మెత్తని భాగం అంచులోకి గానీ అడుగులోకి గానీ రాకూడదు.

మనిషి చేతి తప్పు అసలే ఉండదా అంటే, ఉంటుంది. మిషను మీద గిన్నెను పట్టి ఉంచే చక్ దవడలు పలచని గిన్నెను గట్టిగా నొక్కితే గిన్నె బిగింపులోనే వంగుతుంది. వంగినదాన్ని గుండ్రంగా చెక్కుతాం. దవడలు విప్పగానే అది తన రూపానికి పోతుంది, మనం చెక్కిన గుండ్రం చెదిరిపోతుంది. అందుకని అడుగున చిన్న దిమ్మ వదిలి దాన్నే పట్టించాలి, గోడను కాదు. అంచు పలచబడ్డాక దాని జోలికి మళ్ళీ పోకూడదు. అంచు పూర్తి చేసి, అక్కణ్ణుంచి మెట్టుమెట్టుగా అడుక్కి దిగాలి. తెలిసిన పనివాళ్ళు చేసే పద్ధతి ఇదే.

కట్టెలో తేమ ఒకసారి పోయి ఊరుకునేది కూడా కాదు. మన ఖమ్మం జిల్లా ఎండాకాలపు పొడిగాలికి అది ఆరు శాతం దాకా దిగుతుంది, వానాకాలం ముసుర్లలో పదిహేను దాకా ఎక్కుతుంది. జూలైలో తలుపు గడపకు పట్టేసేదీ, ఏప్రిల్లో చీలికల్లోంచి వెలుతురు కనిపించేదీ అందుకే. ఇదివరకు ఎడ్లబండి ఉన్న ప్రతి రైతుకూ ఈ సంగతి తెలుసు. ఎండలకు చక్రం ఆకులు కుండలో వదులై కిటకిటలాడితే బండిని చెరువులోకి దింపి చక్రాలు నాననిచ్చేవాళ్ళు. కట్టె నీళ్ళు తాగి ఉబ్బి, ఆకులు, పూటీలు ఇనుప పట్టాకు బిగుసుకునేవి. రాత్రంతా నీళ్ళు పోసి ఉంచే ఏగిస గ్లాసులు నెర్రెలు వారేదీ ఇందుకే. రోజూ లోపల తడి, బయట పొడి. ఆ రెంటి మధ్య గోడ నలిగిపోతుంది.

మరి మందేమిటి? మన పెద్దవాళ్ళు ఎన్నో మార్గాలు చూశారు. వడ్రంగులు మొద్దులను చెరువులో నెలల తరబడి నానేసి, తర్వాత నీడలో ఆరబెట్టేవాళ్ళు. నీళ్ళలో చెట్టు చక్కెరలు, పిండి పదార్థం కరిగిపోతాయి, పురుగుకు తిండి తగ్గుతుంది. కొసల నుంచి నీరు త్వరగా పోతుంది కాబట్టి కొసలకు పేడ మెత్తి పెట్టేవాళ్ళు. ఇప్పుడు మైనం పూస్తున్నారు. కొండపల్లి బొమ్మలవాళ్ళు తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద కాచి తేమ లాగేస్తారు. బొబ్బిలి వీణ చేసేవాళ్ళు పనస దుంగను తొలిచేముందు ఆరనిస్తారు. పనిముట్లు వేరు, కట్టెలు వేరు, కానీ అందరూ దారికి తెచ్చుకున్నది నీటినే.

స్వీడన్ వాళ్ళు చేసిన పని వింటే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. 1628లో వాసా అనే యుద్ధనౌక మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగిపోయింది. 1961లో దాన్ని పైకి తీశారు. 333 ఏళ్ళు నీళ్ళలో ఉన్న ఆ ఓక్ కట్టెను ఊరికే ఆరనిస్తే గోడల్లో నీరు పోయి నౌక మొత్తం పీక్కుపోయి పగిలిపోతుంది. అందుకని పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే మైనంలాంటి పదార్థాన్ని నీళ్ళలో కలిపి 17 ఏళ్ళు చల్లారు. నీరు ఖాళీ చేసిన చోట్లోకి అది మెల్లగా చేరింది. గోడలు కూలిపోకుండా నిలిచాయి. ఈ రోజుకీ ఆ నౌక మ్యూజియంలో నిలబడి ఉంది. గిన్నెలు తిప్పేవాళ్ళు కూడా అదే పదార్థాన్ని పచ్చి కట్టెకు పట్టించి చూశారు.

అంత ఖర్చు మనకు అక్కర్లేదు. గిన్నెను రెండుసార్లు తిప్పండి, చాలు. మొదటిసారి పచ్చి కట్టెనే మందంగా తొలిచి దింపేయండి. గోడ మందం గిన్నె వెడల్పులో పదో వంతు ఉంచండి: 200 మిల్లీమీటర్ల గిన్నెకు 20 మిల్లీమీటర్లు. నార కొసలు తేలే రెండు వైపులా మైనం రాయండి. దాని పొట్టులోనే పూడ్చి, గాలి విసురు, ఎండ తగలని మూల పెట్టండి. తేదీ, బరువు గిన్నె మీదే రాయండి. వారానికోసారి కాటా మీద పెట్టండి. మొదట్లో బరువు గబగబా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి ఆగుతుంది. దీనికి కొన్ని నెలలు పడుతుంది. బరువు ఆగిందంటే కట్టెకు, మన గాలికి రాజీ కుదిరిందని అర్థం. ఈలోగా గిన్నె ఏడు మిల్లీమీటర్లు కోలపడుతుంది, పడనివ్వండి. గోడలో 20 మిల్లీమీటర్లు ఉంది కదా, ఆ కోలను చెక్కేసి గుండ్రం తేవడానికి సరిపడా కట్టె మిగిలే ఉంటుంది. రెండోసారి ఎక్కించి పలచగా తిప్పి, లోపలా బయటా ఒకేలా నూనె గానీ లక్క గానీ పట్టించండి. బయట మాత్రమే పూస్తే తేమ లోపలి నుంచే వస్తూ పోతూ ఉంటుంది, గిన్నె మళ్ళీ ఒకవైపు లాగుతుంది. ఇలా చేసిన గిన్నె వానాకాలానికీ ఎండాకాలానికీ కాస్త కదలొచ్చు గానీ, పచ్చి గిన్నె అంతగా కోలపడదు.

కట్టె వస్తువు కొనేవాళ్ళకూ చేయించుకునేవాళ్ళకూ ఒక మాట. మీ ఊరి వడ్రంగి 'కట్టె ఇంకా ఆరలేదు, రెండు నెలలు ఆగండి' అంటే అది పని ఎగ్గొట్టే మాట కాదు, పని తెలిసినవాడి మాట. పెళ్ళి ముహూర్తం ఉందని, గృహప్రవేశం ఉందని అతణ్ణి తొందరపెట్టకండి. ముందే చెప్పి ముందే కట్టె ఇవ్వండి, ఆరడానికి పట్టే కాలానికి కూడా కూలి కట్టండి. తరిణె పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళూ, మీరు ఒక కాటా, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. బరువు ఆగేదాకా గిన్నెను రెండోసారి ఎక్కించకండి.